లార్వాలు చచ్చిపోయాయని రాసిన మేనకోడలికి

కావలి,
మే రెండో ఆదివారం

చిరంజీవి బుజ్జికి,

అత్త ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. ఎండలు మండిపోతున్నాయి. వేట నిషేధం నడుస్తోంది కాబట్టి తుమ్మలపెంట ఒడ్డున బోట్లు ఊరికే పడి ఉన్నాయి. మొన్న రాత్రి నువ్వు పంపిన మెసేజ్ రెండుసార్లు చదివాను. "మూడో బ్యాచ్ ఎండ్రకాయ లార్వాలు కూడా పోయాయి అత్తా. ఒక్కటీ మిగల్లేదు. ఇంక నావల్ల కాదు, జీనోమ్ డేటా దించుకుని కంప్యూటర్ మీదే థీసిస్ రాసుకుంటా" అన్నావు. ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ ఇది ఫోన్‌లో తెగే విషయం కాదు. నలభై ఏళ్ల కిందట నేనూ సరిగ్గా ఇక్కడే ఆగిపోయాను. అందుకే కాగితం తీశాను.

ముందుగా ఒక మాట. కంప్యూటర్ పనిని నేను తక్కువ చేయడం లేదు. 2019లో వనామీ రొయ్య జీనోమ్, అంటే దాని జన్యువుల పూర్తి చిట్టా, బయటికి వచ్చిందని చదివిన రోజు నాకు పండగలా అనిపించింది. మా రోజుల్లో అది ఊహకు కూడా అందని సంగతి. ఆ పని నేర్చుకో, బాగా నేర్చుకో. కానీ బతికున్న లార్వాను వదిలేసి మాత్రం అటు పోవద్దు తల్లీ. ఆ ఫైళ్లలో జన్యువులన్నీ వరసగా దొరుకుతాయి. ఏ జన్యువు ఏ పూట, ఏ కాలి మొదట్లో పని మొదలుపెట్టిందో దొరకదు. నీ ప్రశ్న అంతా అక్కడే ఉంది.

నీ ప్రశ్నను నా మాటల్లో చెబుతాను, తప్పుంటే దిద్దు. రొయ్య రాత్రిపూట గుడ్లను నీళ్లలోకి వదిలేసి తన దారిన పోతుంది. పన్నెండు నుంచి పద్దెనిమిది గంటల్లో గుడ్డు పగిలి నాప్లియస్, అంటే తొలి దశ పిల్ల, బయటికి వస్తుంది. ఎండ్రకాయ అలా కాదు. గుడ్లను పొట్ట మడత కింద అంటించుకుని రోజుల తరబడి మోస్తుంది. పిల్ల బయటపడేసరికే ఆ తర్వాతి దశ, జోయియా, అయి ఉంటుంది. నాప్లియస్ దశ గుడ్డులోనే గడిచిపోతుంది. రెండూ పది కాళ్ల చుట్టాలే. మరి ఒకదాని పిల్ల అంత పచ్చిగా ఎందుకు బయటికి వస్తుంది, రెండోదాని పిల్ల గుడ్డులోనే ఆగి ఎందుకు వస్తుంది, ఒంటిని కట్టే జన్యువుల్లో ఈ తేడా ఎక్కడ పడింది? ఇదే కదా. చిన్నప్పుడు మా ఇంట్లో ఎండ్రకాయలు శుభ్రం చేస్తుంటే "రొయ్యకు గుడ్లు లేవేం అత్తా?" అని అడిగింది నువ్వే. అంత పాత ప్రశ్నను మూడు బ్యాచ్‌లకే వదిలేస్తావా?

నీ మెసేజ్‌లో నాకు బెంగ కలిగించింది లార్వాల చావు కాదు. ఎన్ని చచ్చాయో రాశావు, ఏ రోజున చచ్చాయో రాశావు. బతికున్న మూడు రోజులూ అవి ఎలా ఈదాయో ఒక్క ముక్క రాయలేదు. నువ్వు వాటిని చూడలేదు, లెక్కపెట్టావు. నేను చెప్పదలచుకున్న సలహా అంతా ఇందులోనే ఉంది. మిగతాదంతా దీనికి వివరణ.

తొంభైల్లో ఒకసారి పిల్లలను తీసుకుని రామాయపట్నం వైపు ఒక హ్యాచరీకి వెళ్లాను. అప్పటికే నేను పుస్తకంలో చూసి రొయ్య పిల్ల దశలు నాప్లియస్, జోయియా, మైసిస్ అని పదేళ్లుగా పాఠం చెబుతున్నదాన్ని. నా పరిశోధన ఎండ్రకాయల మీద కాబట్టి రొయ్య పిల్లను అంత దగ్గరగా చూసింది లేదు. అక్కడి టెక్నీషియన్ కుర్రాడు ఎయిరేషన్ ఆపి, ట్యాంకు మీద బల్బు పెట్టాడు. కాసేపటికి నీళ్లలోంచి పొగ లేచినట్టు నాప్లీలు వెలుతురు దగ్గరికి చేరాయి. ఆ రాత్రి మూడు ట్యాంకుల్లోంచి మూడు దశలు తీసి మైక్రోస్కోప్ కింద వరసగా చూపించాడు.

నాప్లియస్‌కు మూడు జతల అవయవాలే ఉంటాయి. చిన్న మీసాలు, పెద్ద మీసాలు, దవడలు. వాటితోనే కుదుపులు కుదుపులుగా ఈదుతుంది. దవడ అప్పటికింకా దవడ కాలేదు, అదీ ఒక ఈత కాలే. తినదు. తల్లి పెట్టిన పచ్చసొన మీదే దాదాపు రెండు రోజుల్లో ఆరు దశలు దాటేస్తుంది. జోయియా అయ్యాక తిండి మొదలు. పెద్ద మీసాలకు తోడు నోటి వెనక ఉన్న మాక్సిల్లిపెడ్లనే చిన్న కాళ్లు కూడా తెడ్లు వేస్తాయి. మైసిస్‌కు వచ్చేసరికి ఆ పని రొమ్ము కాళ్లకు దిగింది. తల కిందికి పెట్టి వేలాడుతూ వెనక్కి వెనక్కి తోసుకుంటుంది. పీఎల్, అంటే పోస్ట్ లార్వా, అయ్యేసరికి పొట్ట కింది తెడ్లు వచ్చాయి, ఇక బుద్ధిగా ముందుకు ఈదుతుంది. పది పన్నెండు రోజుల్లో ఈత అనే ఒక్క పని మీసాల నుంచి రొమ్ముకు, రొమ్ము నుంచి పొట్టకు చేతులు మారింది. పదేళ్లు పాఠం చెప్పిన నాకు అది ఆ రాత్రే అర్థమైంది. ఆ పాఠం మర్నాటి నుంచి వేరేగా చెప్పాను.

ఈ దారి తొక్కిన పెద్దవాళ్లు కూడా ఇలా చూసినవాళ్లే. జోయియా, ఎండ్రకాయలో దాని తర్వాత వచ్చే మెగలోపా అనేవి ఒకప్పుడు వేరే జంతువుల పేర్లు. ఎండ్రకాయ పిల్లలని ఎవరికీ తెలియక వాటికి విడిగా ప్రజాతి పేర్లు పెట్టేశారు. ఐర్లండ్‌లో జాన్ వాన్ థాంప్సన్ అనే సైనిక వైద్యుడు 1820ల్లో జోయియా ఎండ్రకాయ బిడ్డేనని తేల్చాడు. 1830లో పడవ అడుగున అంటుకునే తెల్ల గుల్లలు, అదే బార్నకల్స్, నత్తల జాతి కాదనీ రొయ్యల చుట్టాలనీ వాటి పిల్లలను చూసే చెప్పాడు. పెద్దయ్యాక రాయిలా అతుక్కుపోయే ప్రాణి చుట్టరికం దాని బాల్యంలో దొరికింది. డార్విన్ ఆ బార్నకల్స్ మీద ఎనిమిదేళ్లు కూర్చున్నాడు. ఇక ఫ్రిట్జ్ ముల్లర్. జర్మనీ నుంచి బ్రెజిల్‌కు వలసపోయిన మనిషి. ఆ తీరంలో సముద్రంలోంచి పట్టిన పిల్లలను దశ పక్కన దశ పెట్టి, మన చెరువుల్లో పెరిగే రకం రొయ్య నాప్లియస్‌గా మొదలవుతుందని చూపించి 1864లో పుస్తకంగా ప్రకటించాడు. డార్విన్ దాన్ని మెచ్చి ఇంగ్లీషులోకి తెప్పించాడు. ముల్లర్ చేతిలో హ్యాచరీ లేదు, ఎయిరేటర్ లేదు. గుడ్డు నుంచి మొదలుపెట్టి రొయ్యను పెంచి చూపడం జపాన్‌లో ఫుజినాగా అనే శాస్త్రవేత్తతో మొదలైంది. 1934లో కురుమా రొయ్య గుడ్లు పొదిగించి, 1942లో దశలన్నీ ప్రచురించాడు. నెల్లూరు, ప్రకాశం తీరంలో ఇన్ని హ్యాచరీలు నడుస్తున్నాయంటే ఆ మూలం అక్కడుంది.

ఇక్కడ నీకొక హెచ్చరిక. నాప్లియస్ అంటే రొయ్యల ముత్తాత రూపమే, పిల్ల తన జాతి చరిత్రనంతా మళ్లీ నడిచి చూపిస్తుంది అని తేలికగా రాయకు. ముల్లర్ అటు మొగ్గాడు, హెకెల్ అనే జర్మన్ జీవశాస్త్రవేత్త దాన్ని సూత్రం చేసేశాడు, అది నిలవలేదు. 2000లో గెర్హార్డ్ షోల్ట్జ్ అనే జంతుశాస్త్రవేత్త దీనికి దాదాపు తిరగబడ్డ వాదన పెట్టాడు. రొయ్యల పూర్వీకుల్లో నాప్లియస్ గుడ్డులోకి వెళ్లిపోయిందనీ, ఈదే నాప్లియస్ ఆ తర్వాత మళ్లీ బయటికి వచ్చిందనీ. అది తిండి తినకపోవడం చూడు, ఆ వాదనకు బలం ఇచ్చేలా లేదూ? మరోపక్క స్వీడన్ రాళ్లలో సుమారు 50 కోట్ల ఏళ్ల నాటి ఇలాంటి బుల్లి లార్వాలు రోమాలతో సహా శిలాజాలై దొరికాయి. కాబట్టి ఈదే పిల్ల పాతదే, కానీ మన రొయ్యలో ఉన్నది ఆ పాతదేనా, తిరిగొచ్చినదా అనేది వేరే ప్రశ్న. ఎండ్రకాయ గుడ్డులో దాగిన నాప్లియస్‌నూ, రొయ్య ఈదే నాప్లియస్‌నూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లే దీని మీద మాట్లాడగలరు. నువ్వు చేస్తున్నది అదే.

నీకిష్టమైన జన్యువుల సంగతీ చెబుతాను. 1997లో అవెరాఫ్, పటేల్ అనే శాస్త్రవేత్తలు రకరకాల క్రస్టేషియన్లలో, అంటే రొయ్యల, ఎండ్రకాయల వర్గంలో, ఒంట్లో ఏ భాగం ఏమవ్వాలో నిర్ణయించే యూబీఎక్స్ జన్యువు ఎక్కడి నుంచి పనిచేస్తుందో గీత గీసి చూశారు. రొమ్ము ముందు భాగంలో ఆ గీత ఎంత వెనక్కి జరిగితే అన్ని జతల కాళ్లు నడక మానేసి నోటికి తిండి అందించే మాక్సిల్లిపెడ్లు అయ్యాయి. తర్వాత 2009లో పార్‌హ్యాలే అనే చిన్న ప్రాణిలో ఆ జన్యువును అణిచి చూస్తే కాళ్లు నిజంగానే అటు మారాయి. ఎంత అందమైన పని అది! అయితే అది గీత గీసిన యంత్రంతో మొదలవలేదు. ఏ జంతువుకు ఎన్ని జతలు, ఏ జత ఏ పని చేస్తుందో వందేళ్లుగా లెక్కపెట్టి బొమ్మలు గీసినవాళ్లతో మొదలైంది. నీ ఎండ్రకాయ జోయియాలో మొదటి రెండు మాక్సిల్లిపెడ్లు ముందు ఈత కాళ్లు, ఆ తర్వాత నోటి భాగాలు. మనిషి ఒక్కడే, ఉద్యోగం మారింది. అప్పుడు జన్యువు గీత కదిలిందా, అక్కడే ఉందా? ఇది చూడాలంటే జోయియా మెగలోపా దాకా బతకాలి. అందుకే నువ్వు పెంపకం వదలడానికి వీల్లేదంటున్నాను.

ఇక చావుల దగ్గరికి వద్దాం.

మూడు బ్యాచ్‌లూ రెండో జోయియా దగ్గరే, అంటే జోయియాలో రెండో మెట్టు మీదే, పోయాయన్నావు. అంటే తప్పు రెండో జోయియాలో జరగలేదు. అప్పుడే పుట్టిన ఎండ్రకాయ జోయియా ఒంట్లో ఇంకా కొంచెం పచ్చసొన ఉంటుంది. మొదటి రోజు తిండి దొరక్కపోయినా తిరుగుతూనే ఉంటుంది, నీకు బాగానే కనిపిస్తుంది. ఒక హద్దు దాటాక తిండి పెట్టినా తేరుకోదు. కుబుసం విడిచే వేళకు పడిపోతుంది. ఆకలి మొదటి రోజుది, చావు నాలుగో రోజుది. నువ్వు నాలుగో రోజు నీళ్లను అనుమానించి మార్చావు. మొదటి రోజు ఏం పెట్టావు? ఆర్టీమియా అనే బుల్లి ఉప్పునీటి ప్రాణిని పెట్టి ఉంటావు, అందరూ అదే చేస్తారు. నీలి ఎండ్రకాయ మొదటి జోయియాకు అది పెద్ద ముద్ద. ఇంకా చిన్న ప్రాణులైన రోటిఫర్లతో మొదలుపెట్టి ఆర్టీమియాకు మెల్లగా మళ్లించు. తిన్నదో లేదో తెలుసుకోవడానికి హ్యాచరీ వాళ్ల పద్ధతి పట్టు. వాళ్లు రొయ్య జోయియా వెనక వేలాడే మలం దారాన్ని చూస్తారు. దారం ఉంటే తింటోంది, లేకపోతే ఆ ట్యాంకు దగ్గర ఆ రాత్రి ఎవరూ నిద్రపోరు. ఎండ్రకాయ పిల్లలో పేగు రంగు చూడు, ఖాళీగా ఉంటే తెలిసిపోతుంది. "జోయియా టూ" అంటే హ్యాచరీల్లో ఇప్పటికీ టెన్షనే. నీకొక్కదానికే వచ్చిన కష్టం అనుకోకు.

మళ్లీ పెద్ద టబ్బుతో మొదలుపెట్టొద్దు. ఇరవై నాలుగు గుంటల ప్లేట్ తీసుకో, గుంటకు ఒక్క జోయియా. రోజూ కొత్త నీళ్లలోకి మార్చు. కొన్నిటికి పుట్టగానే తిండి, కొన్నిటికి పన్నెండు గంటల తర్వాత, కొన్నిటికి రోజు తర్వాత. ఎవరు కుబుసం విడిచారో, ఆ కుబుసంతో సహా నీకు గుంట గుంటకూ తెలుస్తుంది. వెయ్యి పిల్లలు ఒకేసారి పోతే నువ్వు నేర్చుకునేది ఏమీ లేదు. ఇరవై నాలుగింటిలో ఇరవై పోయినా ప్రతి చావుకూ ఒక కారణం చేతికొస్తుంది.

నీళ్ల విషయం. మన తీరానికి వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. పెన్న పొంగి మొగ దగ్గర నీళ్లు తియ్యబడతాయి. ఆ నెలల్లో ఒడ్డు నీళ్లు ఒక వారం ఉన్నట్టు ఇంకో వారం ఉండవు. మీ చెన్నైలో అయితే కూవం, అడయారు మొగల దగ్గర అసలే వద్దు. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు, మొగకు దూరంగా నీళ్లు పట్టు. ప్రతిసారీ ఉప్పు కొలిచి రాయి. క్లోరిన్ వేస్తే అది పూర్తిగా పోయిందని పరీక్ష చేసి తేల్చుకున్నాకే వాడు. కొత్త ప్లాస్టిక్ గిన్నెలను కొన్ని రోజులు సముద్రపు నీళ్లలో నానబెట్టు. సబ్బు ముట్టిన గిన్నె లార్వాల గదిలోకి రాకూడదు. ఇవన్నీ చిన్న విషయాల్లా ఉంటాయి. నా రెండో బ్యాచ్ సబ్బుతోనే పోయింది.

ఇంకా పెద్ద దెబ్బ ఒకటి ఉంది, మీ నాన్నకు తెలుసు, నీకు చెప్పి ఉండడు. 1985లో నేను చారిబ్డిస్ రకం ఎండ్రకాయ ఒకదాన్ని తుమ్మలపెంటలో కొని, ఇంట్లోనే బకెట్లో పిల్లలు వదిలించాను. అవి బతికాయి. రాత్రింబగళ్లు కూర్చుని ప్రతి దశా గీశాను. తల్లి పని అయిపోయిందనుకుని బకెట్లోనే వదిలేశాను. ఇంటికి చుట్టాలొచ్చారు, అది పులుసులోకి పోయింది. అప్పుడు నాకేమీ అనిపించలేదు. ఏడాది తర్వాత పరీక్షకుడు బొమ్మలన్నీ చూసి, "చాలా బాగున్నాయి, తల్లి ఏది?" అన్నాడు. ఆ ప్రజాతిలో ఒకదాన్ని పోలినవి ఒకటి ఎన్నో ఉన్నాయి. నేను పెట్టిన పేరు సరైనదేనని నిరూపించడానికి నా దగ్గర ఒక్క డెక్క ముక్క కూడా లేదు. ఆ సంవత్సరం మొత్తం మళ్లీ చేశాను. ఆ రోజు ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ గుర్తుంది.

కాబట్టి తల్లిని దాచు. బతికుండగానే పైనుంచి, కిందనుంచి ఫొటోలు తియ్యి. ఒక కాలి కండను తొంభై అయిదు శాతం ఆల్కహాల్‌లో డీఎన్ఏ కోసం పెట్టు. ఫార్మలిన్‌లో పెడితే డీఎన్ఏ పాడవుతుంది. మిగతా ఒంటిని సీసాలో పెట్టి లేబుల్ కట్టు, లేబుల్ పెన్సిల్‌తో రాయి, సీసా లోపల వెయ్యి. పని ముగిశాక చెన్నైలోనే జువలాజికల్ సర్వే వాళ్ల సముద్ర జీవశాస్త్ర కేంద్రం ఉంది కదా, అక్కడ అప్పగించి నంబర్ తీసుకో.

తల్లిని తెచ్చుకోవడం కూడా ఒక విద్య. నాకు నేర్పింది యూనివర్సిటీ కాదు, తుమ్మలపెంట పాలెంలో ఒక పెద్దాయన. మొదటిరోజు నన్ను చూసి, "ఏందమ్మా, గుడ్లెండ్రకాయలే కావాలంటా ఉండావు, పులుసుకైతే ఇవి బాగుండవు" అన్నాడు. ఎందుకో చెప్పాక ఆయనే గుడ్ల రంగులు చూపించాడు. పసుపుగా ఉంటే కొత్త గుడ్లు, తర్వాత నారింజ, ఆపైన గోధుమ, చివరికి నలుపు. "నల్లబడిందంటే రేపో మాపో వదిలేస్తాది" అన్నాడు. ఆ నలుపు పిల్లల కళ్లదని నేను మైక్రోస్కోప్‌లో చూసి తెలుసుకున్నాను, ఆయన మైక్రోస్కోప్ లేకుండానే రోజు లెక్క చెప్పాడు. నీకు రెండూ కావాలి. గుడ్డులో నాప్లియస్‌ను చూడటానికి పసుపు గుడ్ల తల్లి, జోయియాల కోసం నల్ల గుడ్ల తల్లి. ఐసులో పెట్టిన దాన్ని తీసుకోకు. తడి గోనెపట్టాలో చుట్టి, ఎండ తగలకుండా తెచ్చుకో. గుడ్ల మీద బూజు కనిపిస్తే ఆ తల్లి పిల్లలు బతకవు, అప్పుడే వదులుకో. ఒక్కసారికి రెండు చాలు. గుడ్లతో ఉన్నవి బుట్టనిండా కనిపిస్తే నీ ఖర్చుతో కొనైనా కొన్నిటిని సముద్రంలో వదిలించు. బేరం ఆడొద్దు. నువ్వు కనుక్కున్నది తెలుగులో వాళ్లకు చెప్పు, ఫొటో చూపించు. తమ వలలో పడ్డ దాని పిల్ల అలా ఉంటుందని చూసినప్పుడు ఆ పెద్దాయన ముఖం ఎలా వెలిగిందో నేను మర్చిపోలేదు. ఆ తర్వాత నేను అడగకుండానే నా కోసం బుట్టలో పక్కన పెట్టేవాడు.

నిషేధం జూన్ 14తో అయిపోతుంది. అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. అల వెనక్కి పోయే చోట తడి ఇసుకలో చటుక్కున దూరిపోయే బొద్దు ఎండ్రకాయ ఒకటి ఉంటుంది చూడు, ఎమెరిటా. బోటు అక్కర్లేదు, మోకాలి లోతు నీళ్లు చాలు. పొట్ట కింద నారింజ గుడ్లతో దొరుకుతుంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో టి. సుబ్రమోనియం గారు దాని మీద ఎన్నో ఏళ్లు పనిచేశారు. ఆయన వ్యాసాలు చదువు, పొద్దున్నే బీచ్‌కు వెళ్లు, గుడ్డులో నాప్లియస్‌ను పోల్చుకోవడం ఈ నెల రోజుల్లో దాని మీద అలవాటు చేసుకో.

బొమ్మ గీయి. ఫొటో తియ్యొద్దని అనను, కానీ ఫొటో తీసేటప్పుడు నీ కన్ను రోమాలు లెక్కపెట్టదు, గీసేటప్పుడు తప్పించుకోలేదు. రొయ్య జోయియాను గంటలతో గుర్తించకు. మొదటి దాంట్లో కళ్లు కవచం కింద ఉంటాయి, రెండో దాంట్లో కాడల మీద బయటికి వస్తాయి, మూడో దాంట్లో తోక పక్క రెక్కలు కనిపిస్తాయి. నీళ్లు చల్లబడితే గంటలు మారతాయి, ఈ గుర్తులు మారవు. నోట్‌బుక్‌లో టైము, వేడి, ఉప్పు, ఏం పెట్టావు, ఎలా ఈదింది. ఈ చివరిది ప్రతి పూటా రాయాలి. తెలుగులో రాసుకో, ఇంగ్లీషు తర్వాత చూసుకోవచ్చు. "జారుతోంది", "కుదుపుతోంది", "వేలాడుతోంది", "తిరగబడి తన్నుకుంటోంది" లాంటి మాటలు నీకు తడుముకోకుండా వస్తాయి కాబట్టి చూసింది చూసినట్టు పడుతుంది.

గుడ్లు పగిలేది ఎక్కువగా రాత్రి, తెల్లవారుజామున. అప్పట్లో నాకు తోడుగా మీ నాన్న లాంతరు పట్టుకుని వచ్చేవాడు. ఇంటర్ చదివే పిల్లాడు, పరీక్షల ముందు కూడా వచ్చాడు. నువ్వు రాత్రి ల్యాబ్‌లో ఒక్కదానివే ఉండకు. ఇంకో అమ్మాయిని జత కలుపుకో, ఆమె రాత్రులకు నువ్వు ఉండు. మీ గైడ్‌కు ముందే చెప్పి, వాచ్‌మన్‌కు తెలిసేలా ఉండు. ధైర్యం ఉందా లేదా అనే మాట పక్కనపెట్టు. నిద్ర లేకుండా భయంతో కూర్చున్నవాళ్లకు మైక్రోస్కోప్‌లో ఏమీ కనపడదు.

గైడ్ నిన్ను కంప్యూటర్ వైపు తోస్తున్నారని కోపం పెట్టుకోకు. ఆయనకు నీ ఫెలోషిప్ గడువు కనిపిస్తోంది. ఇరవై నాలుగు గుంటల ప్లాన్ ఒక పేజీలో రాసి చూపించి, వర్షాలు మొదలయ్యేలోపు గడువు అడుగు. జాతులు పెంచకు. ఒక రొయ్య, ఒక ఎండ్రకాయ చాలు. పక్క ల్యాబ్‌లో పది జాతులున్నాయని టెన్షన్ పడకు. రాత్రిళ్లు జీనోమ్ పని కూడా చెయ్యి, రెండూ కలిసే పేపర్ అవుతాయి.

జూన్ పదిహేను తర్వాత మొదటి ఆదివారం రా. తెల్లారేసరికి ఒడ్డుకు వెళదాం. ఆ పెద్దాయన ఇప్పుడు లేడు, ఆయన మనవడు బోటు చూసుకుంటున్నాడు, నేను మాట్లాడి పెట్టాను. మీ అమ్మకు చెప్పు, నాలుగు రోజులు ఉండేలా పంపమని.

ఈ కవర్‌లో నా పాత బొమ్మలు రెండు పెడుతున్నాను, రెండోసారి చేసినప్పటివి. మొదటి జోయియాది, రెండో జోయియాది. రెండోదాని రెండో మాక్సిల్లిపెడ్ దగ్గర పెన్సిల్‌తో చుక్క పెట్టాను చూడు. అక్కడ రోమాల లెక్క మీద నాకు అప్పటి నుంచీ అనుమానం ఉంది. కుబుసం మడత పడి నాకు సరిగా కనిపించలేదు. నీ ప్లేట్‌లో రెండో జోయియా వచ్చిన రోజు దాన్ని ముందు లెక్కపెట్టి, నాకు ఫోన్ చెయ్యి, ఏ రాత్రి అయినా సరే.

మీ మేనత్త